ఎనభై ఏడో డబ్బీ

శంషాబాద్ మండలం, మన ఊరి నుంచి
ఆదివారం

అన్నా,

నీ చెల్లెలు పూర్ణిమ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ప్రతిసారీ మొదట రాసే క్షేమం మాట ఈసారి సగమే రాయగలుగుతున్నాను. అమ్మ బాగుంది. నేనూ, మీ బావా, పిల్లలూ బాగున్నాం. అక్కడ నువ్వూ వదినా అఖిలా ఎలా ఉన్నారని అడగాలంటే భయంగా ఉంది. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

ఫోన్లు ఉండగా ఈ ఉత్తరాలేమిటని ఇక్కడ అందరూ నవ్వుతారు. బాపుకు నీ అక్షరాలు చేత్తో పట్టుకోవడం ఇష్టమని నువ్వు నెలకొకటి రాస్తావు. నేను చదివి వినిపిస్తాను, ఆయన చెప్పింది రాసి పంపుతాను. ఇది మాత్రం ఆయన చెప్పగా రాస్తున్నది కాదు. రాయొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నేను మాట తప్పుతున్నాను. పక్కింటి చంద్రమ్మ అల్లుడు రేపు పొద్దున రైలుకు బల్లార్షా మీదుగా పోతున్నాడు. అక్కడ దిగి, నీ రైల్వే గ్యాంగు ఆఫీసుకు వచ్చి నీ చేతికే ఇవ్వమని, వదినకు కూడా ఇవ్వొద్దని చెప్పాను.

ముందు ఒక్క సంగతి చెప్పేస్తాను, మిగతాది చదివినా చదవకపోయినా సరే. అఖిలను టీబీ పరీక్షకు తీసుకుపో. ఈ ఉత్తరం అందిన మర్నాడే పో, సెలవు దొరకలేదని వాయిదా వేయకు.

పాపకు ఆరు వారాల నుంచి దగ్గు అని రాశావు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతోందని, జూన్‌లో కుట్టించిన యూనిఫాం వదులైతే వదిన మళ్ళీ కుట్లు వేసిందని రాశావు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని డాక్టరు అడిగితే, మా నాయనకు దగ్గు ఉండేది కానీ పరీక్షలో ఏమీ రాలేదని చెప్పి, నేను నీకు పంపిన బాపు రిపోర్టు ఫోన్లో చూపించావట. ఆయన అది చూసి, అయితే భయం లేదని సిరప్ రాసిచ్చాడట. అన్నా, ఆ రిపోర్టు ఇంకెవరికీ చూపించకు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోన్లో చెప్పాలని మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి వదిన ఎత్తింది. పాపకు ఛాతీ ఎక్స్‌రే తీయించమంటే, ఆశా వర్కరు పని చేసీ చేసీ నీకు అందరిలోనూ టీబీనే కనిపిస్తోంది పూర్ణిమా అని నవ్వింది. రెండోసారి నువ్వే ఎత్తావు, బాపు రిపోర్టు మంచిగుంది కదా, పిల్ల తల్లిని ఎందుకు బెదిరిస్తావని విసుక్కున్నావు. మూడోసారి నువ్వు హలో అన్నావు, నేను పెట్టేశాను. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. నీ ప్రశ్నలకు ఒక్కొక్కదానికీ జవాబు రాసుకుంటూ పోతే చేతికైనా వస్తుందేమోనని కూర్చున్నాను.

పంచాయతీకి వచ్చిన గాంధీ బొమ్మ ఫోటో పంపమన్నావు. పంపను. ఆ బొమ్మ పంచాయతీ ఆఫీసులో బీరువా మీద ఉంది, పక్కనే మన ఊరు టీబీ లేని పంచాయతీ అని రాసిన సర్టిఫికెట్ అద్దంలో బిగించి పెట్టారు. మార్చిలో ఇచ్చినప్పుడు స్టేజీ మీద నాకు శాలువా కప్పారు. ఇప్పుడు ఆ శాలువా బాపు కాళ్ళ మీద ఉంటోంది, ఆయనకు చలి ఆగడం లేదు.

అదంతా ఉత్త ఆర్భాటమని మాత్రం అనుకోకు. నూరు రోజుల కార్యక్రమం అన్నారు, చేతిలో పట్టుకొని తీసే ఎక్స్‌రే మిషనుతో బండి ఊళ్ళోకి వచ్చింది. విమానాశ్రయం పనులకు వచ్చి కిరాయి గదుల్లో ఆరుగురు ఏడుగురు కలిసి పడుకునే వాళ్ళ దగ్గరికి కూడా పోయాం. నాతో రుబీనా తిరిగింది. మైలార్‌దేవ్‌పల్లి పిల్ల. మూడేళ్ళ కింద తనకే టీబీ వచ్చి తగ్గింది, ఇప్పుడు ఊరూరూ తిరిగి ఆ సంగతే చెప్తుంది. మమ్మల్ని గడప ఎక్కనివ్వని వాళ్ళ వాకిట్లో నిలబడి, “నన్ను జూడుండ్రి, సచ్చినదాని లెక్క ఉన్ననా?” అని నవ్వుతూ అడిగేది. ఆ మాటకు ఇద్దరు తలుపు తీసి తమ దగ్గు సంగతి బయటపెట్టారు. ఇద్దరూ మందులు వాడి, ఇవాళ పనికి పోతున్నారు. ఆ పని మంచిదే. చెడగొట్టింది నేను.

సర్టిఫికెట్ రావాలంటే ఊళ్ళో టీబీ కేసులు వెయ్యికి ఒకటి మించకూడదు, వెయ్యి మందికి ముప్పై చొప్పున ఆ ఏడాది పరీక్షలు జరిగి ఉండాలి. మన ఊరికి ఎనభై ఏడు పడ్డాయి. ఎనభై ఏడు మందిని ఒప్పించి డబ్బీల్లో తెమడ పట్టించడం ఎంత కష్టమో నీకు తెలియదు. జనానికి ఉమ్మికీ తెమడకూ తేడా తెలియదు. డబ్బీ ఇస్తే ఉమ్మేసి మూత పెట్టి ఇస్తారు, అది పరీక్షకు పనికిరాదు. పొద్దున్నే నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీయాలి. నేను ప్రతి వాకిట్లో దగ్గి చూపించేదాన్ని. పిల్లలు నాలాగే దగ్గుతూ వీధంతా నా వెంట వచ్చేవారు.

బాపును నేను అడగలేదు. ఆయనకున్నది కాటేదాన్ దుమ్ము దగ్గు అనుకున్నాను. వాచ్‌మన్‌గా ఉండే ఆ గోదాములో పాత ప్లాస్టిక్ నూరుతారు, వచ్చిన రోజు ఆయన కనురెప్పల మీద కూడా పొడి ఉండేది. బీడీ కూడా ఉందాయె. డిసెంబరు ఆఖర్లో ఆయనే అడిగాడు, ఊరందరివీ తీస్తున్నావు, నాది తీయవా బిడ్డా అని. మర్నాడు చీకటి విడవకముందే గేటు దగ్గర నిలబడి, నేను చెప్పినట్టే మూడుసార్లు గాలి పీల్చి డబ్బీ నింపి ఇచ్చాడు. నాలుగు రోజులకు ఆయన ఫోనుకు రిపోర్టు వచ్చింది, టీబీ లేదని. పంచాయతీ ఆఫీసులో దాన్ని కాగితం మీద తీయించుకొని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నీకు పంపింది అదే.

ఇక నీ రెండో ప్రశ్న, బాపు దగ్గు తగ్గిందా అని. తగ్గలేదు. నీకు అబద్ధం రాస్తూ వచ్చాను. జులై నాటికి లుంగీ నడుము మీద నిలవకుండా మొలతాడు కిందికి దోపుకునేవాడు. ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోతే ఆయన జేబులోని కాగితం చూసి, ఇది ఆయాసమే అని పీల్చే మందు ఇచ్చాడు. రెండు నెలలు అది పీల్చాడు. రుబీనా ఓ రోజు మన ఇంటికి వచ్చి, ఆయన దగ్గు విని నన్ను పక్కకు పిలిచింది. “అక్కా, నాకు ఈ దగ్గు ఎర్కే. మల్లొక్కసారి జేపియ్యి” అంది. ఒకసారి అయిపోయింది కదా అని నేను కసురుకున్నాను. సెప్టెంబరులో తువ్వాలలో నెత్తురు పడింది. నేను మీటింగులో ఉన్నప్పుడు అమ్మ రుబీనాకు ఫోన్ చేస్తే, ఆ పిల్లే బాపును బండి మీద ఎక్కించుకొని దవాఖానకు తీసుకుపోయింది.

టీబీయే అని తేలింది, రెండు ఊపిరితిత్తులకూ పాకింది. ఇప్పుడు బాపు బరువు ముప్పై ఆరు కిలోలు. నాలుగైదు నెలల ముందు తెచ్చి ఉంటే ధైర్యంగా చెప్పేవాడినని, ఇప్పుడైతే మందు వేసి చూద్దామని డాక్టరు అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను.

బాపు మందు మింగనన్నాడు. కోపంతో కాదు, భయంతో కాదు, నా మీద నమ్మకంతో. జేబులోంచి కాగితం తీసి డాక్టరు ముందే మడత విప్పాడు. “నా బిడ్డ తీసిన పరీక్షల ఏం రాలే. సర్కారే రాసిచ్చింది. మీ మిషనే ఖరాబైనట్టున్నది” అన్నాడు. ఇంటికి వచ్చాక రోజూ మాత్రలు ఇచ్చి మింగించే పని నాదే, అది ఆశా డ్యూటీ. నా ఎదుట నోట్లో వేసుకొని నీళ్ళు తాగేవాడు. పంతొమ్మిది రోజుల తర్వాత అమ్మ నులక మంచం ఎండలో వేస్తే పరుపు కింద పాత మసాలా డబ్బాలో మాత్రలు దొరికాయి. తడిసి, రంగు వెలిసి, ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. పంతొమ్మిది రోజులవీ ఉన్నాయి.

నా పరువు పోతుందని దాచాడట. ఊళ్ళో అందరూ తన బిడ్డ తప్పు రిపోర్టు తెచ్చిందని అంటారని, తాను మందు వేసుకుంటే ఆ మాట నిజమైపోతుందని అమ్మతో అన్నాడట. అది విన్నాక ఇక నేను నోరు మూసుకొని ఉండలేకపోయాను.

బాపు ఫోనుకు ఎందుకు రావడం లేదు, నా మీద కోపమా అని అడిగావు కదా. నీ మీద కాదు అన్నా. విను.

ఆ డిసెంబరు రోజు నా ఐస్ డబ్బాలో ఆరు డబ్బీలు ఉన్నాయి. లెక్క పూర్తి కావడానికి సరిగ్గా ఆరే కావాలి, ఆ ఏడాదికి సాంపిళ్ళు తీసుకునేది ఆ మధ్యాహ్నం వరకే. విమానాశ్రయం పక్క రోడ్డు మీద స్పీడు బ్రేకరు చూసుకోక స్కూటీ ఎగిరింది. దవాఖాన దగ్గర మూత తీసి చూస్తే ఒక డబ్బీ ఒలికిపోయి ఉంది, చీటీ మీద పేరు తడిసి ఊదా మరకైపోయింది. ఒలికిన డబ్బీని ల్యాబు వాళ్ళు తీసుకోరు. అది బాపుది. ఆయనకు ఫోన్ చేద్దామంటే అప్పటికే కాటేదాన్ బస్సు ఎక్కేశాడు, మళ్ళీ వచ్చేది ఎల్లుండి. బాపుది దుమ్ము దగ్గే కదా, ఒక్క డబ్బీ కోసం ఊరి పేరు పోతుందా అనుకున్నాను. దవాఖాన గోడ వెనక్కి పోయాను. నాకప్పుడు జలుబు చేసి ఉంది. నోరు పుక్కిలించుకొని, మూడుసార్లు గాలి పీల్చి, ఊరందరికీ నేర్పినట్టే దగ్గాను. కొత్త డబ్బీ నిండింది. చీటీ మీద మొగులయ్య, అరవై నాలుగేళ్ళు, మగ అని నా చేత్తో రాశాను.

నీ ఫోన్లో ఉన్న రిపోర్టు నాది.

ఆ రాత కంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. మార్చిలో శాలువా కప్పినప్పుడు చెప్పొచ్చు, చెప్పలేదు. మళ్ళీ ఇంకో డబ్బీ ఇవ్వు బాపూ అని ఒకసారి అన్నాను, వచ్చింది కదా ఇంకెందుకంటే ఊరుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం. మేలో అఖిల వచ్చింది. నలభై రోజులు ఉంది. తాత డ్యూటీ నుంచి ఇంటికి వచ్చిన ప్రతి రాత్రీ ఆయన పక్కలోనే, అదే దుప్పటి కింద పడుకుంది. నేను ఆశా వర్కర్ని అన్నా. దగ్గేవాళ్ళ పక్కన పిల్లల్ని పడుకోబెట్టొద్దని ఊరంతా తిరిగి చెప్పేదాన్ని. మన వాకిట్లో చూస్తూ ఊరుకున్నాను. చెప్తే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెప్పాల్సి వస్తుంది. కారణం అంతే. ఇంకో కారణం ఉందేమోనని ఎంత వెతికినా లేదు.

ఇదంతా బాపుకు చెప్పాను. ఆయన మంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని విన్నాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండని కూడా అనుకున్నాను. “గా డబ్బీల నీది పోసినవా?” అని అడిగాడు. అవునన్నాను. ఆయన ముఖంలో ఏదో తేలికపడ్డట్టు కనిపించింది. “గట్లైతే నీకేం లేదన్నట్టే గద బిడ్డా. మంచిగైంది” అన్నాడు. అన్నా, నాకు ఆ క్షణంలో భూమి మీద ఉండబుద్ధి కాలేదు. నేను ఏడుస్తుంటే ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు, పెట్టిన చెయ్యి ఉన్నట్టుండి తీసేసి తన నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. “పాప నా పక్కల్నే పండుకున్నది గద” అన్నాడు.

ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున లేచి, “పెద్దోనికి చెప్పకు. వాడు మల్ల నీ మొకం జూడడు. మీరిద్దరు ఇడిపోతే నేను బతికి ఏం జెయ్యాలె” అన్నాడు. మాట ఇచ్చేదాకా మాత్ర మింగలేదు. ఇచ్చాను. అప్పటి నుంచి మాత్రలు వేసుకుంటున్నాడు, వేసుకున్నాక నోరు తెరిచి నాకు చూపిస్తున్నాడు, నేను అడగకపోయినా. నీ ఫోన్ మోగితే మాత్రం లేచి వాకిట్లోకి పోతాడు. నడవలేని మనిషి, గోడ పట్టుకొని పోతాడు. పాప గొంతులో దగ్గు వినాల్సి వస్తుందేమోనని భయం. నీ పోయిన ఉత్తరం ఆయనకు చదివి వినిపించలేదు. రాలేదని చెప్పాను.

నిన్న మా డాక్టరమ్మకు కూడా చెప్పేశాను. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఇట్లాంటివి ఇంకెన్ని అని అడిగింది. ఇది ఒక్కటే అన్నాను. ఆమె నమ్మలేదు. నేనైనా నమ్మను. మిగతా ఎనభై ఆరు మందినీ మళ్ళీ పిలిపిస్తారట. నా వెంట తిరిగి నా మాట మీద డబ్బీలు ఇచ్చిన వాళ్ళు, ఇప్పుడు ఏ ఆశా పోయినా ఇస్తారా? రుబీనాకు చెప్తే ఆ పిల్ల బండి స్టార్ట్ చేసుకొని వెళ్ళిపోయింది. వారం రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. పంచాయతీ కార్యదర్శి శ్రావణ్‌కుమార్ మాత్రం, బాపు ఉద్యోగం కాటేదాన్‌లో కదా, ఆయన పేరు టీబీ రోగుల లిస్టులో అక్కడి అడ్రసు మీద ఎక్కిస్తే వచ్చే ఏడు మన సర్టిఫికెట్‌కు అడ్డం రాదని సలహా ఇచ్చాడు. మన ఇంటి నంబరే రాయించాను. నా ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు, దాని కోసం ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు.

బాపు సంగతి నీకు దాచను. మాత్రలు మొదలుపెట్టాక కూడా బరువు పెరగలేదు. దాతలెవరో ఇచ్చిన పోషకాహారం డబ్బాలో పల్లీలు, పప్పు, నూనె వచ్చాయి. అమ్మ పల్లీలు నూరి జావలో కలిపి పెడితే రెండు గుక్కలు తాగి పక్కన పెడతాడు. ఆయన బతుకుతాడని నీకు రాయలేను. రాస్తే అది ఇంకో తప్పు రిపోర్టు అవుతుంది.

ఇక పాప. అక్కడ డాక్టరుకు ఏం చెప్పాలో రాస్తున్నాను, ఈ కాగితమే తీసుకుపో. తాతకు టీబీ ఉంది, సెప్టెంబరులో తేలింది. మేలో పాప నలభై రోజులు ఆ ఇంట్లో ఉండి ఆయన పక్కలో పడుకుంది. ముందు చూపించిన రిపోర్టు తాతది కాదు, మా చెల్లెలు తన తెమడ పోసి తాత పేరు రాసింది. ఇలాగే చెప్పు, నా పరువు కోసం మాట మార్చకు. ఆరేళ్ళ పిల్లలకు దగ్గితే తెమడ రాదు. ఎక్స్‌రే తీస్తారు, అవసరమైతే పొద్దున పరగడుపున ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కడుపులోంచి తీస్తారు. బాగా ఏడుస్తుంది. వదిన చూడలేకపోతుంది, నువ్వు పట్టుకో. నువ్వూ వదినా కూడా పరీక్ష చేయించుకోండి. పాపకు ఉన్నా మందులకు తగ్గుతుంది అన్నా, పిల్లలకు తొందరగా తగ్గుతుంది, ఈ మాట నేను పనిలో చూసి చెప్తున్నాను. నా మాట నమ్మాలనిపించకపోతే అక్కడి డాక్టరునే అడుగు. ఆలస్యం మాత్రం చేయకు, చేసింది చాలు.

నన్ను క్షమించమని అడగడం లేదు. నీ కోపం ఎంతైనా నాకు తక్కువే. నేను ఉన్న ఇంటికి రావొద్దని నువ్వు అనుకుంటే నేనే అమ్మా బాపుల దగ్గర్నుంచి తప్పుకుంటాను, నువ్వు వచ్చి బాపును చూసుకో. తొందరగా రా.

ఒక్కటే కోరిక. పరీక్ష అయ్యాక, పాపకు ఏమీ లేదని తేలితే బాపుకు ఫోన్ చెయ్యి. వాకిట్లోకి పోయినా నేను పోయి ఆయన చెవి దగ్గర పెడతాను. ఉందని తేలితే ఆయనకు చెయ్యకు. నాకు చెయ్యి.

ఇట్లు,
అన్నా అని పిలిచే హక్కు ఇంకా మిగిలిందో లేదో తెలియని
నీ చెల్లెలు
పూర్ణిమ